సుగ్గి కాని వలస

మా కౌతాళం మండలంలో ఊరు విడిచిపోవడానికి ఒకటే మాట ఉంది. సుగ్గి. వాన ముఖం చాటేసిన ఏడు, పత్తికి పెట్టిన పెట్టుబడి తిరిగిరాని ఏడు, జనం ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను అరుగుల మీద వదిలి, పిల్లాజెల్లతో గుంటూరు మిరప చేలకో తెలంగాణ పత్తి చేలకో బయలుదేరతారు. కొందరు కర్ణాటక వైపు పోతారు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాలదీ ఇదే కథ. దీపావళి దాటినాక బడి హాజరుపట్టీ చూసి ఎవరింట్లో ఎంత అప్పుందో మా అయ్యవార్లు చెప్పగలరు.

మేమూ ఒకసారి ఊరు విడిచాం. సుగ్గికి కాదు, చదువుకు. అదీ పిల్లల చదువుకు కాదు, పిల్లల తల్లి చదువుకు. 2014 జూన్‌లో హైదరాబాద్ పోయి 2018లో తిరిగొచ్చాం. ఉద్యోగమో పనో చేసుకుంటున్న వయసులో మళ్లీ చదువుకోవాలనుకునే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ మమ్మల్ని ఆ నాలుగేళ్ల గురించి అడుగుతుంటారు. అందుకని రాస్తున్నాం. రాస్తున్నది ఇద్దరం. చదువుకున్నది ఆమె, కుట్టుమిషను తొక్కింది ఆయన. 'ఆమె' అని ఉన్నా 'ఆయన' అని ఉన్నా మేమే అనుకోండి.

మేం చెప్పదలచుకున్నది ముందే చెప్తాం. ఇంట్లో ఒకరు చదువుకు పోతే ఫీజు కట్టేది ఇంటిల్లిపాదీ. ఆ ఫీజులో రసీదు మీదికి ఎక్కేది కొంచెమే.

మేం ఎరుకల వాళ్లం. మా ఇంటి పెద్ద దిక్కు అవ్వ. ఈత బరిగెలతో గంపలు అల్లుతుంది, పందుల్ని సాకుతుంది. అవ్వ వాళ్లమ్మ చంకన బుట్ట పెట్టుకొని ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఎరుక చెప్పేది. ఆయనకు ఊళ్లో చిన్న టైలరు అంగడి. ఆమె డిగ్రీ చదివి ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పింది. ఆఖరి ఏడాది జీతం నెలకు ఐదు వేలు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది. చావు జరిగిన ఇంటికి, జబ్బు మనిషి ఉన్న ఇంటికి పోయి కూర్చునేది. ముప్పై మూడేళ్ల వయసులో ఒకరోజు, దైవశాస్త్రం చదువుతానంది.

దేవుడి మాట మా ఊళ్లో ఎవరికీ వింత కాదు. కౌతాళంలో ఖాదర్ లింగ స్వామి దర్గా ఉంది. ఉరుసుకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. మండలంలోనే ఉరుకుంద ఈరన్న స్వామి ఉన్నాడు. శ్రావణమాసంలో ఆ దారిన నడవడానికి చోటుండదు. మా ఇంట్లో అవ్వ ఈరన్నకు మొక్కుతుంది, ఆమె చర్చికి పోతుంది, ఉరుసుకు అందరం పోతాం. కాబట్టి ఏ దేవుడని ఎవరూ అడగలేదు. "ఇద్దరు పిల్లల తల్లివి, ఆడమనిషివి, ఇప్పుడెందుకమ్మా?" అనే అడిగారు.

ఆ ప్రశ్నకు మా దగ్గర ఒక జవాబుంది. అంతకు ముందు ఏడాది, 2013 సెప్టెంబరులో, నంద్యాలలో ఇ. పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్పు అయిన మొదటి మహిళ ఆమె. ఆమెది మన ఉమ్మడి కర్నూలు జిల్లాలోని దిగువపాడు. ఎక్కడో దూరదేశంలో జరిగితే మేం పట్టించుకునేవాళ్లం కాదేమో. మన జిల్లా పల్లెలో పుట్టిన ఆడమనిషి అక్కడిదాకా నడిచిందంటే దారి ఉన్నట్టే అనుకున్నాం.

అవ్వ అడిగిన ప్రశ్నకు మాత్రం అంత తేలిగ్గా జవాబు దొరకలేదు. "మనోళ్లను గోడల మధ్య పెట్టి హాజరు పిలిచింది ఆ మిషను దొరలే కదనే. వాళ్ల చదువు నీకెందుకు?" అంది అవ్వ.

ఈ మాట మన పిల్లలకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మన ఎరుకల వాళ్లలో దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, ఉప్పు ఎరుకల అని వృత్తిని బట్టి పేర్లున్నాయి. ఉప్పు ఎరుకల వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవాళ్లు. 1871లో మద్రాసు నుంచి ఆదోని మీదుగా వచ్చిన రైలుదారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఉప్పూ ధాన్యమూ రైలెక్కాయి. గాడిదల వెంట నడిచేవాడికి బేరం పోయింది. అదే 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టం వచ్చి మద్రాసు రాజధానికీ వర్తించింది. స్థిరమైన ఊరు లేకుండా తిరిగి బతికేవాళ్లంతా అనుమానపు జాబితాలోకి ఎక్కారు. పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, ఊరు దాటాలంటే అనుమతి అన్నారు.

ఆ తరువాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతి కింద మొదలైంది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మన ఉమ్మడి జిల్లాలోనూ ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో ఒకటి ఉండేది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడుల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఆ బడుల్లో అక్షరాలు నేర్చుకున్నవాళ్లున్నారు, తల్లి ఒడి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. దేశమంతటా ఈ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. మనవాళ్లు ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటున్నది అందుకే. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ కథంతా తవ్వి, మన ఎరుకల వాళ్ల మీదే 2001లో ఒక పుస్తకం తెచ్చారు. పై చదువులకు పోయే పిల్లలు వెతికి చదవాలి.

అవ్వ ప్రశ్నను మేం కొట్టిపారేయలేదు. ఆమె ఒకటే అంది: "ఆ దొరలు మన గురించి ఏం రాసుకున్నారో చదవాలన్నా ఆ చదువే కావాలత్తా." అవ్వ చాలాసేపు గంప అల్లుతూ కూర్చుంది. "అయితే చదివొచ్చి నాకు చెప్పు" అంది. అదే మాకు అనుమతి. మన ముందు తరాన్ని పోలీసులు కదిలించారు. ఆ తరువాతి తరాన్ని కరువు కదిలించింది. మా కాళ్లను మేమే కదిలించుకోవడం మా ఇంట్లో అదే మొదలు.

ఇక చదువు సంగతి. మన దేశంలో ఈ చదువుకు పట్టా ఇచ్చే పెద్ద సంస్థ బెంగాల్‌లోని శ్రీరాంపూర్. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ముగ్గురు 1818లో ఆ కళాశాల పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు దానికి పట్టాలిచ్చే అధికారం రాసిచ్చాడు. అప్పట్లో ఆ ఊరు డేనుల చేతిలో ఉండేది. దేశంలోని చాలా దైవశాస్త్ర కళాశాలలు ఈనాటికీ దాని సెనేట్ కిందే పరీక్షలు రాయిస్తాయి. తెలుగువాళ్లకు పెద్ద చిరునామా హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల. వేర్వేరు సంఘాలు విడివిడిగా నడుపుకుంటున్న పాఠశాలలు కలిసి 1964లో రాజమండ్రిలో ఒకటయ్యాయి. తరువాత అది హైదరాబాద్ గాంధీనగర్‌కు తరలిపోయింది. అంటే కళాశాల కూడా మాలాగే సామాను కట్టుకొని ఊరు మారిందే. డిగ్రీ ఉన్నవాళ్లకు బి.డి. నాలుగేళ్లు. ఆమె నగరంలో ఒక కళాశాలలో చేరింది.

నాలుగేళ్లు అనగానే మా ముందుకు ఒక లెక్క వచ్చింది. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతిలోకి వస్తోంది. పిల్లోడు ఒకటో తరగతి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయింది. కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన దాటితే అవతల ఇంకో రాష్ట్రం. ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుపోదామని మేం అనుకుంటుంటే, ఊళ్లో పెద్దబడి అయ్యవారు ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి కాగితం మీద రాసి చూపించాడు.

రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. మేం వెళ్లేనాటికి ఉద్యోగాల్లో 'లోకల్' ఎవరో తేల్చేది అదే. పదో తరగతి అర్హతగా చూస్తే, పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే నాలుగు నుంచి పది దాకా ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ. మా అమ్మాయి నాలుగు, ఐదు ఇక్కడ చదివింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది హైదరాబాద్‌లో చదివి, పదికి తిరిగొస్తే ఇక్కడివి మూడేళ్లు, అక్కడివి నాలుగు. పుట్టిన జిల్లాలోనే నాన్‌లోకల్ అవుతుంది. పిల్లోడిది ఒకటి నుంచి నాలుగు కాబట్టి వాడికి ఇబ్బంది లేదు.

ఆయన ఇంకో సంగతీ చెప్పాడు. తెనాలిలో పుట్టిన ఒక పిల్లవాడు, మన రాష్ట్రంలో ఎస్టీ, తండ్రి ఉద్యోగం కోసం బొంబాయి వెళ్తే అక్కడే పెరిగి చదువుకున్నాడు. మెడిసిన్ సీటుకు ఎస్టీగా దరఖాస్తు పెడితే మహారాష్ట్రలో చెల్లదన్నారు. మర్రి చంద్రశేఖరరావు కేసు అది. 1990లో సుప్రీంకోర్టు కూడా, సొంత రాష్ట్రంలో ఎస్టీ అయిన మనిషి వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ అడగలేడని తీర్పు చెప్పింది. ఎరుకల వాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్టీలే. అయినా వలస వెళ్లిన మనిషి హక్కు సొంత రాష్ట్రంతోనే ముడిపడి ఉంటుంది. అందుకని బయలుదేరకముందే ఇద్దరు పిల్లల కుల ధ్రువపత్రాలూ కౌతాళంలోనే తీసుకున్నాం.

చర్చి చదువుకు పోతే ఎస్టీ హోదా పోతుందని ఊళ్లో ఒక మాట తిరిగింది. దీన్ని కూడా మన పిల్లలు సరిగ్గా తెలుసుకోవాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. అక్కడ చూసేది మనిషి ఆ తెగవాడా కాదా అనే.

కాగితాల సంగతి తేలింది. మనసు సంగతి తేలలేదు. అమ్మాయిని కస్తూర్బా బాలికల విద్యాలయంలో ఆరో తరగతిలో చేర్చాం. తల్లి చదువు కోసం కూతురు హాస్టల్‌కు పోవడం అన్నమాట. చేర్చి వచ్చిన రాత్రి అవ్వ అన్నం ముట్టలేదు. "అప్పుడు చట్టం విడదీసింది, ఇప్పుడు చదువు విడదీస్తాంది" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆదివారాలు అవ్వే వేరుశనగ ఉండలు కట్టుకొని పోయి చూసొచ్చేది. మేం వారానికోసారి వార్డెన్ ఫోనుకు చేసేవాళ్లం. మొదటి ఏడాది ఫోనులో సగంసేపు ఏడుపే.

మా ఇద్దరికీ ధైర్యమిచ్చిన మాట కూడా ఆ పిల్లే అంది. రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లో వచ్చినప్పుడు, హాస్టల్లో తోటి పిల్లలు ఏమంటారని అడిగాం. "అందరి అమ్మలూ సుగ్గికి పోయినారు. మా అమ్మ చదువుకు పోయిందని చెప్తా" అంది. ఆ మాటతో బాధ పోయిందని చెప్పం. మోయడానికి ఒక పట్టు దొరికింది.

హైదరాబాద్‌లో కవాడిగూడ దగ్గర ఒక గది. అద్దె నాలుగున్నర వేలు. ఆమెకు చదువు ఖర్చులో కొంత సహాయం దొరికింది. ఇల్లు గడవడం మాత్రం మిషను మీదే. ఆయన కౌతాళం నుంచి మిషనును బస్సు పైకెక్కించుకొని పోయాడు. ఊళ్లో పదిహేనేళ్లుగా కట్టుకున్న గిరాకీ అంతా వదులుకొని పోయాడు. పండుగకు ఎవరి జాకెట్టు కొలత ఎంతో నోటికి వచ్చిన మనిషి, అక్కడ ఒక దుకాణానికి స్కూలు యూనిఫాం నిక్కర్లు డజను లెక్కన కుట్టాడు. పొద్దున పిల్లోడిని బడికి పంపేది, వంట చేసేది, నీళ్లు పట్టేది కూడా ఆయనే. బంధువులు వచ్చి చూసి ఎగతాళి చేశారు. "పెండ్లాం పంతులమ్మ, మొగుడు వంటమ్మ" అన్నారు. ఆయన నవ్వి వాళ్లకు చారు వడ్డించాడు. రేషను కార్డు కౌతాళంలోనే ఉంచి బియ్యం అవ్వ తీసుకునేది. అందులో సగం, ఊరివాళ్లెవరైనా హైదరాబాద్ వస్తుంటే సంచిలో పంపేది.

ఆమెకు మొదటి ఏడాది ఇంగ్లీషే పెద్ద కొండ. పాఠాలు ఇంగ్లీషులో, పక్కన కూర్చున్నవాళ్లు ఇరవై రెండేళ్ల పిల్లలు. పైగా హీబ్రూ, గ్రీకు అక్షరాలు దిద్దాలి. గదిలో ఒక మూల పిల్లోడు అ ఆ దిద్దుతుంటే ఇంకో మూల తల్లి హీబ్రూ దిద్దేది. పరీక్షల రోజుల్లో ఆయన మిషను ఆపి చేతికుట్టు పని పెట్టుకునేవాడు, చప్పుడు కాకుండా.

మాకు తెలియకుండానే ఇంకోటి జరుగుతోంది. మేం ఇంట్లో ఎరుకల భాష మాట్లాడుకుంటాం. అది తమిళానికి దగ్గరగా ఉంటుంది. బడిలో పిల్లలు మీదేం భాషరా అని అడిగితే మావాడు తమిళం అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎరుకల అనే మాట నోటి నుంచి రాకుండా దాచుకోవడం ఆరేళ్లకే నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు, చుట్టూ చూసి నేర్చుకున్నాడు. అదే రోజుల్లో ఆమె తరగతిలో, ఎవరి మాతృభాషలో వాళ్లు ఒక చిన్న ప్రార్థన చెప్పాలన్నారు. అందరూ తెలుగులో చెప్పారు. ఆమె ఎరుకల భాషలో చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అదే ప్రార్థన పిల్లోడికి వినిపించి, దీన్ని తరగతిలో అందరి ముందు చెప్పానంది. "నవ్వలేదా?" అన్నాడు వాడు. "రాసిమ్మని అడిగినారు" అంది.

రాయబోతే తెలిసింది, చాలా మాటలు మాకే రావని. బుట్టల అల్లికకు, పందుల జబ్బులకు, ఎరుక చెప్పేటప్పుడు వాడే మాటలకు అవ్వే నిఘంటువు. ఆదివారం రాత్రి ఫోను చేసి అవ్వ చెప్తుంటే మేం తెలుగు లిపిలో రాసుకునేవాళ్లం. అట్ల రెండు వందల పేజీల నోటుబుక్కు నిండింది. హీబ్రూ మాటకు మూలధాతువు వెతకడం నేర్చుకున్నామె, మన మాటలకు వెతకడం మొదలుపెట్టింది. సెటిల్‌మెంట్ల మీద కళాశాల గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివి ఒక వ్యాసం రాసింది. సెలవుల్లో వచ్చినప్పుడు దాన్ని అవ్వకు ఎరుకల భాషలో చెప్పింది. అవ్వ మధ్యలో ఆపి రెండుచోట్ల దిద్దింది కూడా.

2018లో తిరిగొచ్చాం. ఆమె ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పల్లెల్లో సేవ చేస్తోంది. జీతం బడిలో వచ్చినదానికంటే గొప్పగా ఏం లేదు. సుగ్గి నెలల్లో ఆమె చర్చి సగం ఖాళీ. అప్పుడు సీజనల్ హాస్టల్లో ఉండిపోయిన పిల్లల దగ్గరికి పోతుంది. మతం పాఠానికి కాదు, లెక్కల పాఠానికి. ఆయన అంగడి మళ్లీ తెరిచాడు గాని పాత గిరాకీలో సగం వేరే అంగళ్లకు అలవాటు పడింది. అమ్మాయి పది పాసయి ఇంటర్‌కు పోయింది. తల్లితో నవ్వుతుంది, పోట్లాడుతుంది. కానీ జ్వరమొస్తే ఇప్పటికీ అవ్వ పక్కనే పడుకుంటుంది. ఆ నాలుగేళ్లు అవ్వవి.

మా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లు దైవశాస్త్రానికే రారు. ఒకరు బి.ఎడ్. అంటారు, ఒకరు నర్సింగ్ అంటారు, ఒకరు న్యాయశాస్త్రం అంటారు. ఏదైనా మేం అడిగేవి ఇవే. ఊరు విడవకుండా చదివే దారి ఉందా? దైవశాస్త్రానికి కూడా శ్రీరాంపూర్ వాళ్లు దూరవిద్య కోర్సులు నడుపుతున్నారు. మిగతావాటికీ దూరవిద్య దారి ఉందేమో కనుక్కోవాలి. పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు, లోకల్ లెక్క ఎటు పోతుంది? మేం చెప్పింది మేం వెళ్లేనాటి నియమం. మీరు వెళ్లేనాటిది మండల కార్యాలయంలో అడగండి. కుల ధ్రువపత్రం, రేషను కార్డు ఎక్కడుంటాయి? ఊళ్లో మిగిలే పెద్దమనిషిని ఎవరు చూస్తారు?

ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మాట. మాకు కాగితం మీద లెక్క వేసి చూపిన అయ్యవారికి అరగంట పట్టింది. ఆ అరగంట లేకపోతే మా అమ్మాయి సొంత జిల్లాలో పరాయిదయ్యేది. మీ ఊళ్లో ఎవరైనా చదువుకని ఊరు విడుస్తుంటే ఆ అరగంట ఇవ్వండి.

అన్నీ అడిగినాక ఆఖరున చదువుకు పోయే మనిషిని బయట కూర్చోబెట్టి, వెంట పోయే మనిషిని అడుగుతాం: "ఈ నాలుగేళ్లలో నువ్వేం వదులుకుంటున్నావో ఆ మనిషికి తెలుసా?" భార్య కావచ్చు, భర్త కావచ్చు. తెలుసని చెప్తే పొమ్మంటాం. తెలియదంటే, ఇంటికి పోయి ముందు అది మాట్లాడుకొని రమ్మంటాం.